కొలిచి చూస్తే మీ ఇంట్లో ఇంకా మూడు బీరువాల చోటుంది

ప్రశ్న: మాది విశాఖపట్నంలో నాలుగో అంతస్తులో ఫ్లాటు. లోపలి కొలత 540 చదరపు అడుగులు. ఒక పడకగది, హాలు, వంటిల్లు, చిన్న బాల్కనీ. మేమిద్దరం, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఉంటాం. పడకగదిలోని అటక నిండిపోయింది, బీరువా మీద పెట్టెలు, మంచం కింద సూట్‌కేసులు. వంటింట్లో ఏది కావాలన్నా ముందు నాలుగు డబ్బాలు తియ్యాలి. పడకగదిలో రెండు గోడలకూ, హాల్లో ఒక గోడకూ కింద నుంచి పైదాకా కప్‌బోర్డులు కడితే బాధ తీరుతుందని కార్పెంటర్ అంటున్నాడు. కట్టించమంటారా? పక్క ఫ్లాటువాళ్లలాగా చెప్పుల స్టాండు, పాత సైకిలు కారిడార్లో పెట్టుకోవచ్చా? ఫ్రిజ్ పక్కన ఉన్న సందులో సన్నటి ట్రాలీ చేయించమంటారా? కొలతలు జతచేస్తున్నాను.

సమాధానం: వద్దు, కట్టించకండి. కనీసం ఆయన చెప్పినంత కట్టించకండి. మీరు కొలతలు శ్రద్ధగా పంపారు కాబట్టి ఎందుకు వద్దంటున్నామో మీ అంకెలతోనే చూపిస్తాం.

పడకగది 10 అడుగులకు 11, అంటే 110 చదరపు అడుగులు. మంచం (5 అడుగులకు ఆరున్నర) 32, బీరువా నాలుగున్నర తీసేస్తే నడవడానికి మిగిలింది 73. కార్పెంటర్ లెక్కలో రెండు గోడలకూ కలిపి 14 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు కప్‌బోర్డు వస్తుంది. అది 28 చదరపు అడుగుల నేల. బీరువా తీసేసినా మీకు మిగిలేది 50కి లోపే. అందులో 3 అడుగుల గది తలుపు తిరగడానికే 7 చదరపు అడుగులు కావాలి. కప్‌బోర్డు తలుపులు తెరవాలంటే మంచం ఎక్కి నిలబడాల్సిన గది అవుతుంది. చిన్న ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైనది ఖాళీ నేల. సామాను దాచడానికి కొత్త నేల తీసుకోకుండా, ఇప్పటికే ఏదో ఒకటి ఆక్రమించిన నేలకు పైన, కింద, వెనక ఏముందో ముందు చూడాలి.

కొలవడానికి బీరువానే కొలమానంగా పెట్టుకుందాం. ఆరున్నర అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న మామూలు ఇనుప బీరువాలో 29 ఘనపుటడుగుల చోటుంటుంది. మీ మంచం కింద నేల నుంచి చట్రం దాకా 11 అంగుళాలని రాశారు. అక్కడి చోటు 30 ఘనపుటడుగులు, అంటే ఒక నిండు బీరువా. హాలు నుంచి బాత్‌రూమ్‌కు వెళ్లే నడవా 3 అడుగులకు 4, ఇంటి ఎత్తు 10 అడుగులు. నడవా నెత్తిన ఏడున్నర అడుగుల దగ్గర ఒక పలక వేస్తే దాని మీద ఇంకో 30. వంటగట్టు కింద 2 అడుగుల లోతున్న అరల్లో వెనక అడుగు మీ చేతికి అందడం లేదు, అది సుమారు 24. బీరువా నెత్తిన సీలింగు దాకా 15. ఇందులో చట్రాలకూ, చక్రాలకూ, చెయ్యి దూర్చుకోవడానికీ పోయేది పోగా, మేం కింద చెప్పే దివానుతో కలిపి, నికరంగా మూడు బీరువాలంత దొరుకుతుంది. నేల మాత్రం ఒక్క అడుగు కూడా పోదు.

మంచం కింద నుంచి మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, ఫలితం ఆ రోజే కనిపిస్తుంది. మీ మంచం ఒక పక్క గోడకు ఆనుకుని ఉంది, రెండో పక్క 5 అడుగుల ఖాళీ ఉంది. ఆ ఖాళీ వైపు నుంచి లాగేలా చక్రాల పెట్టెలు రెండు చేయించండి. హైడ్రాలిక్ మంచం గురించి చాలామంది అడుగుతారు. పరుపుతో సహా పైకి ఎత్తాల్సిన మూత కింద రోజూ కావాల్సినవి పెడితే నెల తిరిగేసరికి దాని జోలికి వెళ్లడం మానేస్తారు. అది ఏడాదికి రెండుసార్లు తీసే సామానుకే పనికొస్తుంది. పైగా మీకు మంచి మంచం ఉండగా కొత్తది ఎందుకు?

పెట్టెలకు 12 మి.మీ. ప్లైవుడ్ 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒక్కటి చాలు, ఇలా కోయిస్తే రెండు పెట్టెలూ అందులోనే వస్తాయి. అడుగు పలకలు 35 అంగుళాలకు 29¾, రెండు. షీటు పొడవు మీద ఇవి రెండూ పక్కపక్కనే తీస్తే చివర సుమారు 36 అంగుళాలకు 48 అంగుళాల ముక్క, పక్కన 13 అంగుళాల వెడల్పు పట్టీ మిగులుతాయి. చివరి ముక్క నుంచి 35 అంగుళాల పొడవు, 7¾ అంగుళాల ఎత్తు పట్టీలు ఆరు. పక్క పట్టీ నుంచి 28¾ అంగుళాలవి రెండు. ఆరింటిలో రెండింటిని 28¾కి కురచ చేస్తే పక్కలన్నీ సరిపోతాయి. ఎత్తు 8 అంగుళాలు ఉంచుదామని కార్పెంటర్ అంటే ఒప్పుకోకండి: రంపపు కోతకు ప్రతిసారీ దాదాపు 3 మి.మీ. పోతుంది, అప్పుడు ఆరో పట్టీ రాదు, ఇంకో షీటు కొనాల్సి వస్తుంది.

పక్కలు అడుగు పలక మీద నిలబడాలి, పలకకు బయట అంటుకోకూడదు. బయట అంటిస్తే బరువంతా స్క్రూల మీదే పడుతుంది. 12 మి.మీ. ప్లై అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు విచ్చుకుంటాయి. ముందు 2.5 మి.మీ. బిట్‌తో దారి చేసి, తడిని తట్టుకునే రకం జిగురు రాసి, ఒకటిన్నర అంగుళాల సన్న స్క్రూలు 6 అంగుళాలకొకటి బిగించాలి. చక్రాలతో సహా ఎత్తు 10¼ దాటకూడదు, అందుకని ప్లేటుతో కలిపి 2 అంగుళాల ఎత్తున్న చక్రాలు తీసుకోండి. గుండ్రంగా తిరిగేవి కాకుండా తిన్నగా మాత్రమే దొర్లేవి అడగండి. తిరిగే చక్రం లాగిన ప్రతిసారీ పక్కకు మళ్లి మంచం కోడుకు తగులుతుంది. పెట్టెకు ఆరు చక్రాలు: మూలల నుంచి 3 అంగుళాలు లోపలికి నాలుగు, మధ్యలో రెండు. మధ్యవి మానేస్తే ఏడాదిలో అడుగు పలక కిందికి వంగి నేలను రాసుకుంటుంది. చక్రాలకు స్క్రూల బదులు చిన్న బోల్టు, నట్టు వేయించి, బోల్టు తల లోపలికి, నట్టు కిందికి వచ్చేలా చూడండి. స్క్రూ వేస్తే ముల్లు పలక దాటి పైకి వచ్చి చీరలకు పట్టుకుంటుంది.

ఒక్కో పెట్టెలో 35, 40 కిలోల దాకా పెట్టొచ్చు. దుప్పట్లు, పిల్లల యూనిఫారాలు, ఆ కాలానికి కావాల్సిన బట్టలు వీటిలోకి వెళ్లాలి. వెనక పక్క బొటనవేలు పట్టేంత కంతలు రెండు పెట్టించి, పైన పాత పంచె కప్పండి. ప్లాస్టిక్ కవరు బిగించొద్దు, విశాఖ గాలిలో తేమకు లోపల బూజు వాసన పడుతుంది. పెట్టెల వెనక, గోడవైపు సగంలో సూట్‌కేసులు పడుకోబెట్టండి. ఖాళీ సూట్‌కేసు అనేది చోటును తినడానికే ఉన్నట్టుంటుంది. చలి బట్టలు, పాత ఆల్బమ్‌లు, సర్టిఫికెట్ల ఫైళ్లు వాటిలోనే పెట్టి, ఏముందో చీటీ రాసి పిడికి కట్టండి.

మంచం కాళ్ల కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచుదామా అని కూడా చాలామందికి అనిపిస్తుంది. పరుపు పై అంచు నేల నుంచి 20, 22 అంగుళాల దగ్గరుంటే లేవడం, కూర్చోవడం తేలిక. మీది ఇప్పటికే 20 ఉంది. దిమ్మలు పెట్టి 26 చేస్తే, పగటిపూట మీ అత్తగారు ఆ మంచం మీద నడుం వాలుద్దామన్నా కాళ్లు నేలకు అందవు.

ఇక నడవా నెత్తిన చోటు. మీ ఇంట్లో ఎవరూ చూడని బీరువా అదే. రెండు పక్క గోడలకూ 4 అడుగుల పొడవున 35 మి.మీ. ఎల్ యాంగిల్ ఇనుప పట్టీలు, నేల నుంచి ఏడున్నర అడుగుల ఎత్తున, మట్టం చూసి బిగించి, వాటి మీద 18 మి.మీ. ప్లై పరిస్తే అటక సిద్ధం. గోడ నుంచి గోడకు 3 అడుగులే కాబట్టి ప్లై పెద్దగా వంగదు, అయినా మధ్యలో ఒక అడ్డపట్టీ వెల్డింగ్ చేయించండి. ఇక్కడ పని చెడేది ఎప్పుడూ గోడ దగ్గరే, చెక్క దగ్గర కాదు. కాబట్టి గోడ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మొదటి కంత పెట్టినప్పుడు రాలే పొడిని చూడండి. ఎర్రగా వస్తే మట్టి ఇటుక. బూడిద రంగులో, డ్రిల్లు కొంచెం మొరాయిస్తూ దిగితే ఫ్లైయాష్ ఇటుక. అసలు దిగకుండా బిట్టు వేడెక్కితే అది కాంక్రీటు స్తంభమో దూలమో. తెల్లటి పొడితో వెన్నలోకి దిగినట్టు దిగిపోతే తేలిక దిమ్మె, ఏఏసీ అంటారు. మొదటి రెండింటికీ 10 మి.మీ. నైలాన్ ప్లగ్గు, 80 మి.మీ. స్క్రూ వాడొచ్చు. గోడమీద గిలాబా 12 నుంచి 15 మి.మీ. మందం ఉంటుంది, దానికి బలం లేదు. ప్లగ్గు గిలాబా దాటి ఇటుకలోకి పూర్తిగా దిగాలి. కంత ప్లగ్గు పొడవు కన్నా సెంటీమీటరు ఎక్కువ లోతుండాలి, పొడి ఊదేయాలి. పొడి ఉండిపోతే ప్లగ్గు సగంలో ఆగుతుంది, మేస్త్రీ సుత్తితో కొట్టి దించుతాడు, అది వదులైపోతుంది. నాలుగున్నర అంగుళాల గోడల్లో వ్యాకోచించే ఇనుప యాంకర్ బోల్టులు మాత్రం వద్దు, బిగించేకొద్దీ ఇటుక చీలుతుంది. ఏఏసీ అయితే డ్రిల్లులో హ్యామర్ మోడ్ (కొడుతూ తిరిగే పద్ధతి) ఆపేసి, ఆ దిమ్మెల కోసమే అమ్మే పొడవాటి ప్లగ్గులు వాడాలి; అప్పుడు కూడా నాలుగు మూలలా నేల దాకా సన్నటి ఇనుప గొట్టాలు కాళ్లుగా దించడమే మంచిదని మా అభిప్రాయం.

ఒక్కో పట్టీకి 5 స్క్రూలు, మొత్తం పది. మీద 80 కిలోలు పెట్టినా ఒక్కోదానికి 8 కిలోలే వస్తుంది. ఆ 80ని హద్దుగానే పాటించండి. ఒక గోడ అవతల బాత్‌రూమ్ ఉంది కాబట్టి గీజరు పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో తెలిశాకే డ్రిల్లు పట్టాలి. కుళాయిలు, గీజరు కొసలు ఉన్నచోటి నుంచి నిలువుగా, అడ్డంగా గీత గీసుకుని, గీతకు రెండు పక్కలా 4 అంగుళాలు వదిలేయండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా కూడా అంతే, లోపల వైర్ల పైపు నిలువుగా పోతుంది. అటక ముందు అంచుకు 3 అంగుళాల అడ్డుపట్టీ తప్పనిసరి. ఆ అంచు లేక జారిన పెట్టె ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. నడవా లైటు సీలింగుకు ఉంటే పలక అడుగుకు మార్పించండి.

ఆ పైన పెట్టేవి తేలికవి: పరుపులు, బొంతలు, బొమ్మల కొలువు బొమ్మలు, దీపావళి దీపాల తీగలు, ఖాళీ కూలర్ డబ్బా. తల పైకి చేతులెత్తి దించేది ఏదైనా 8 కిలోలు దాటకుండా సర్దండి. అట్టపెట్టెలు వాడకండి. అట్ట తేమ పీల్చుకుంటుంది, బొద్దింకలు అందులో గుడ్లు పెడతాయి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలే వాడండి, ముందువైపు పెద్ద అక్షరాలతో లోపల ఏముందో రాయండి.

పడకగదిలోని పాత కాంక్రీటు అటక గురించి ఒక జాగ్రత్త, ఇది కాస్త శ్రద్ధగా చదవండి. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చి, ముందు అంచున ఆధారం లేని అటకకు బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ ముఖ్యం. అదే ఇత్తడి గంగాళాన్ని లోతు మధ్యలో కాకుండా ముందు అంచున పెడితే గోడ దగ్గర లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. అందుకని బిందెలు, గంగాళం, రుబ్బురోలు లాంటివి గోడకు ఆనించి, తేలికవి ముందుకు. ఇలాంటి అటక బీటలిచ్చేటప్పుడు మొదటి గీత అడుగున రాదు, పైన, గోడ కలిసేచోట వస్తుంది. అక్కడే మన మూటలు ఉంటాయి కాబట్టి కనిపించదు. ఏడాదికోసారి అన్నీ దించినప్పుడు ఆ మూలను టార్చి వేసి చూడండి. గీత ఉన్నా, అడుగున తుప్పు మరకలు కనిపించినా, గిలాబా పెచ్చులు ఊడినా లోపలి ఇనుప కమ్మీని తుప్పు తింటోందన్నమాట. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో దీన్ని చిన్నచూపు చూడకూడదు. సామాను దించేసి ఇంజనీరుకు చూపించండి.

బరువైన ఇత్తడి సామాను నిజంగా ఎన్నాళ్లకోసారి దించుతున్నారో మీ అత్తగారితో కూర్చుని మాట్లాడుకోండి. పెళ్లిలో వచ్చిన గంగాళాన్ని అమ్మేయమని మేం అనం. బాల్కనీలో మొక్కకు తొట్టిగానో, హాల్లో కిటికీ పక్కన బియ్యం పోసుకునే పాత్రగానో అది కళ్లముందు ఉండొచ్చు.

వంటింటికి వద్దాం. మీ గట్టు కింద కడప బండల అరలు, 2 అడుగుల లోతు. అర లోతు మన చెయ్యి కన్నా ఎక్కువైతే వెనక సగం గోడౌనే. అందరూ అక్కడికి తలుపులు పెట్టించమంటారు. తలుపు పెడితే ముందు సగం కూడా కనపడకుండా పోతుంది తప్ప ఉపయోగం లేదు. కావాల్సింది లాగే వీలు. కడప బండకు సొరుగు ఛానళ్లు (సొరుగు జారే పట్టాలు) బిగించాలంటే కంతలు పెట్టాలి. హ్యామర్ మోడ్‌లో పెడితే బండ పగులుతుంది, అది చెక్కలా ముందు వంగి హెచ్చరించే రకం కాదు, ఒక్కసారే విరుగుతుంది. డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ, మెల్లగా పెట్టే పనివాడు దొరికితేనే ఆ మాట. దొరకకపోతే 22 అంగుళాల పొడవు, 9, 10 అంగుళాల వెడల్పున్న ప్లాస్టిక్ ట్రేలు కొని అరలో రెండేసి చొప్పున పొడవుగా పెట్టండి. పప్పులు ఒక ట్రే, పిండ్లు ఒకటి, పోపు సామాను ఒకటి. ట్రే మొత్తం బయటకు లాగితే వెనక డబ్బా కూడా కళ్లముందుంటుంది. అడుగున నాలుగు ఫెల్టు ముక్కలు అంటిస్తే మెత్తగా జారుతుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు, పనివాడూ అక్కర్లేదు.

ఛానళ్లే పెట్టించేటట్లయితే ఒక్క అంకె గుర్తుంచుకోండి: 26. టెలిస్కోపిక్ ఛానల్ ఒక్కో పక్క 13 మి.మీ. తీసుకుంటుంది. అర లోపలి వెడల్పు కన్నా సొరుగు సరిగ్గా 26 మి.మీ. తక్కువ ఉండాలి. 24 తగ్గిస్తే పట్టేస్తుంది, 30 తగ్గిస్తే పట్టు తప్పి ఊగుతుంది. సొరుగు సరిగా రాకపోతే తప్పు ఛానల్‌ది అని మార్పిస్తుంటారు. చాలాసార్లు తప్పు ఈ కొలతది.

ఎల్ ఆకారపు గట్టు మూలలో ఉన్న అర ఒక్కవైపు నుంచే తెరుచుకుంటుంది. అక్కడ ఏడాదికి నాలుగుసార్లు తీసే ఆవకాయ, మాగాయ జాడీలు పెట్టండి. చీకటిగా, చల్లగా ఉండే చోటు వాటికి సరైనది. 26 కిలోల బియ్యం బస్తాను మాత్రం మూలలోకి తొయ్యకండి, చక్రాల పీట మీద డబ్బాలో పోసి గట్టు చివరి అరలో ఉంచండి. సింకు కింద తిండి సామాను వద్దు. అక్కడి పైపు ఏదో ఒకరోజు కారుతుంది. చీపుర్లు, బకెట్టు, ఫినాయిలు చాలు.

గ్యాసు సిలిండరున్న అరకు తలుపు పెట్టించాలని ఉంటే నేల మట్టానికి ఒక జాలీ, పైన ఒక జాలీ ఉండేలా చేయించండి. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది, కారితే కిందికి చేరి అక్కడే నిలుస్తుంది. మూసిన అరలో నిలిచిన గ్యాసు మొదటి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. అందుకే ఆ అరలో ప్లగ్ పాయింటు ఉండకూడదు, సిలిండరును పడుకోబెట్టకూడదు.

ఫ్రిజ్ పక్కన 8 అంగుళాల సందు ఉంది, అందులో సన్నటి ట్రాలీ చేయించమంటారా అని అడిగారు. ఈ ఒక్కటీ వదిలేయండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వేడి పక్క గోడల నుంచి బయటకు పోతుంది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. సందు మూసేస్తే కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది, పక్కనున్న నూనె ప్యాకెట్లు వెచ్చబడతాయి. మడిచే నిచ్చెన, ఇస్త్రీ బల్ల అక్కడ గోడకు ఆనించి పెట్టండి, మధ్యలో గాలి ఆడుతుంది.

ఇక మీ కార్పెంటర్‌కు పని ఇవ్వాల్సిన చోటు ఒకటుంది. పడకగదిలో అటక ఉన్న గోడ పొడవు 10 అడుగులు. బీరువాకు 3 పోతుంది, ఇంకో 3 అడుగుల్లోకి గది తలుపు తిరుగుతుంది. మిగిలిన 4 అడుగుల్లో, అటక అడుగు దాకా, 2 అడుగుల లోతు కప్‌బోర్డు కట్టించండి. ఇది తినేది 8 చదరపు అడుగులే. మంచం కాళ్లవైపు నుంచి దీనికి రెండున్నర అడుగులు దూరం ఉంటుంది. రెండు తలుపులైతే ఒక్కోటి 24 అంగుళాలు, తెరిచాక మీరు నిలబడటానికి 6 అంగుళాలు మిగులుతుంది. అందుకని 16 అంగుళాల తలుపులు మూడు అడగండి. జరిపే తలుపులు బాగుంటాయనిపిస్తుంది గానీ వాటి పట్టాలు లోతులో 3, 4 అంగుళాలు తింటాయి, అప్పుడు హ్యాంగరు అడ్డంగా పట్టదు. లోపల చొక్కాలకు 40 అంగుళాలు వదిలి ఒక కడ్డీ, దాని కింద సొరుగులు. మడతపెట్టిన బట్టల అరలు 12 అంగుళాల ఎత్తు దాటకూడదు. దాటితే గుట్ట పెరిగి, కింది చొక్కా లాగినప్పుడు అంతా కూలుతుంది.

కట్టే ముందు ఆ గోడకు తేమ ఉందేమో చూడండి. అడుగు చదరం ప్లాస్టిక్ షీటును గోడకు నాలుగు పక్కలా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు నీటి చుక్కలు పడితే ముందు ఆ చెమ్మ సంగతి తేల్చాలి, కప్‌బోర్డు తర్వాత. పొడిగా ఉన్నా వెనక అంగుళం గాలి సందు వదలండి. పార్టికల్ బోర్డు అనే మాటే రానివ్వకండి, విశాఖ తేమకు అంచులు ఉబ్బి స్క్రూలు ఊడిపోతాయి. గదుల్లో ఐఎస్ 303 ముద్ర ఉన్న బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం, సింకు కింద ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీటికీ చెడని) రకం ప్లై సరిపోతాయి. ముద్ర షీటు మీద చూశాకే కోయనివ్వండి. తలుపులకు బయట 1 మి.మీ. లామినేట్ వేస్తే లోపల కూడా పల్చటి లామినేట్ వేయాల్సిందే. ఒక్కవైపే వేస్తే రెండో వైపు తేమ పీల్చి తలుపు విల్లులా వంగుతుంది. మడతబందులు, ఛానళ్లు స్టెయిన్‌లెస్ 304 రకానివైతే ఉప్పుగాలికి ఆగుతాయి.

హాల్లో గోడ కప్‌బోర్డుకు బదులు మీ అత్తగారు పడుకునే చోట దివాను చేయించండి: 6 అడుగుల 3 అంగుళాల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, పరుపుతో సహా 19, 20 అంగుళాల ఎత్తు. కింద ముందుకు లాగే సొరుగులు రెండు. పగలు సోఫా, రాత్రి మంచం. ఒక్క మాట: అందులో ఆవిడ రోజువారీ చీరలు పెట్టొద్దు, మోకాళ్ల నొప్పులున్న మనిషి నేల దగ్గరి సొరుగు కోసం వంగకూడదు. బీరువాలో నడుము ఎత్తున్న అర ఆవిడకిచ్చి, దివానులో పిల్లల ఆటవస్తువులు, అదనపు దుప్పట్లు పెట్టండి. బీరువా నెత్తిన ఇప్పుడున్న పెట్టెలు దించి, 18 మి.మీ. పలక పరిచి, దాని మీద తేలికపాటి మూత డబ్బాలు వరసగా పెట్టుకోవచ్చు. పలక లేకుండా పెడితే రేకు మధ్యలో సొట్టపడి తలుపు బిగుసుకుపోతుంది.

పిల్లల చదువుకు గోడకు మడిచే బల్ల 30 అంగుళాలకు 18, నేల నుంచి 28 అంగుళాల ఎత్తున. పిల్లలు బల్ల మీద వాలతారు, ఒక్కోసారి ఎక్కి కూర్చుంటారు కూడా. కాబట్టి 9 అంగుళాల గోడకైతేనే బ్రాకెట్ల మీద వదలండి, సన్నగోడైతే ముందు ఒక మడత కాలు పెట్టించండి. పైన పుస్తకాల అరకు 18 మి.మీ. ప్లై, ఆధారాల మధ్య రెండున్నర అడుగులు మించకుండా. అడుగు పొడవు పాఠ్యపుస్తకాలు సుమారు 8 నుంచి 10 కిలోలుంటాయి. ఆధారాల మధ్య దూరం రెట్టింపు చేస్తే వంపు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. 5 అడుగుల అర ఒకే పలకతో చేస్తే అది ఉయ్యాలలా దిగడం ఖాయం. మధ్యలో ఒక నిలువు పలక పెడితే చాలు.

కారిడార్ సంగతి: చెప్పుల స్టాండైనా సైకిలైనా పెట్టకండి. అది అందరి దారి. నిప్పంటుకుని కరెంటు పోయి పొగలో పరుగెత్తే వేళ కాలికి తగిలే సైకిలు ప్రాణం తీయగలదు. చెప్పులకు మీ వీధి తలుపు వెనక గోడకు 6 అంగుళాల లోతున్న, కిందికి వాలే రకం రాక్ సరిపోతుంది. దాని పిడి తలుపుకు తగలకుండా తలుపు కింద ఒక రబ్బరు అడ్డు వేయించండి. సైకిలు తొక్కడం మానేసి ఏడాది దాటితే అమ్మేయండి, తొక్కుతుంటే సెల్లార్లో పార్కింగ్ గోడకు తగిలించుకునేందుకు అసోసియేషన్‌ను అడగండి.

పని వరస ఇలా పెట్టుకోండి. మొదటి ఆదివారం ప్లాస్టిక్ ట్రేలు, అటక మీది సామాను దించి బీటలు చూడటం. ఆ తర్వాత మంచం కింద పెట్టెలు. వాటిలోకి సామాను సర్దాక ఒక నెల ఆగండి. ఏది ఇంకా నేల మీద మిగిలిందో చూసి, నడవా అటక, దివాను, 4 అడుగుల కప్‌బోర్డు చేయించండి. మా అంచనాలో కప్‌బోర్డు దాకా వచ్చేసరికి దాన్ని 3 అడుగులకు తగ్గిస్తారు.